లారీ స్టీరింగ్ కంప్లైంట్ ఆటోనగర్ దాటి ఎందుకు పోదు?

యాక్సిడెంట్ కేసు ఫైలు ఎప్పుడైనా తిరగేసినవాళ్లకి ఒక లైను బాగా గుర్తుంటుంది. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు అన్నీ అయిపోయాక మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్, అదే మనవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఆయన ఇచ్చిన కాగితం ఒకటుంటుంది, దాని కింద ప్రమాదం వాహనంలో మెకానికల్ లోపం వల్ల జరగలేదు అని రాసి సంతకం పెట్టి ఉంటుంది. అంతే, మిగిలింది డ్రైవర్ నిర్లక్ష్యమే. అప్పట్లో ఐపీసీ 304ఏ, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ 106, సెక్షన్ నంబర్ మారింది గానీ వాక్యం మారలేదు.

ఆ లైను అబద్ధం అని నేననట్లేదు, చాలా కేసుల్లో నిజమే అయ్యుంటుంది. కానీ లారీ ముందు భాగం నుజ్జునుజ్జు అయిపోయాక, గుద్దుకోవడం వల్ల విరిగిన బాల్ జాయింట్ (స్టీరింగ్ రాడ్డు చివరుండే కీలు) ఏదో, బాల్ జాయింట్ విరగడం వల్లే గుద్దుకున్న బండి ఏదో పోలీస్ స్టేషన్ ఆవరణలో నిలబడి కంటితో చూసి తేల్చడం మాటలు కాదు. ఇనుములో పగులు నెలల తరబడి పాకుతూ వచ్చి ఒకరోజు తెగితే ఆ విరిగిన ముఖం మీద అలలు వెనక్కి పోయాక ఇసుకలో మిగిలే గీతల్లాంటివి కనిపిస్తాయి, ఒక్క దెబ్బకి విరిగితే అవి ఉండవు. ఇది తేల్చాలంటే ముక్కని కోసి ల్యాబ్‌కి పంపాలి. మన దగ్గర ముక్క ల్యాబ్‌కి పోదు, బండి మొత్తం స్టేషన్ పక్కన తుప్పు పడుతుంది.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, కేంద్ర రవాణా శాఖ రిపోర్టులో అందులో 71 శాతం పైగా ఓవర్ స్పీడ్ ఖాతాలో ఉంది. ఒకసారి ఆ ఖాతాలో పడ్డాక స్టీరింగ్ సంగతి ఇంకెవరూ అడగరు.

ఈ గొడవంతా ఎందుకంటే మన రీకాల్ చట్టం, అంటే లోపమున్న బళ్లని కంపెనీ వెనక్కి పిలిచి బాగుచెయ్యాలనే చట్టం, నిలబడిందే కంప్లైంట్ల లెక్క మీద. 2019లో మోటార్ వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ అనే సెక్షన్ పెట్టారు, దాని రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు 2012 నుంచి కంపెనీల సంఘం సొంతంగా పెట్టుకున్న స్వచ్ఛంద పద్ధతి ఒకటే దిక్కు. కొత్త రూల్ ప్రకారం లారీలు, బస్సుల లాంటి పెద్ద బళ్లకి ఏడాదిలో అమ్మిన వాటిలో 3 శాతం కంప్లైంట్లు సర్కారు రీకాల్ పోర్టల్లో పడితే రీకాల్ సంగతి సర్కారు చూస్తుంది, బండి వయసు ఏడేళ్లు దాటకూడదు. అంటే ఏదైనా మోడల్ ఏడాదికి 2,000 బళ్లు అమ్ముడుపోతే 60 మంది ఓనర్లు కంప్యూటర్ ముందు కూర్చుని, మా బండి స్టీరింగ్‌లో ఫలానా లోపం ఉందని టైప్ చెయ్యాలి. కాగితం మీద అరవై ఎంత చిన్న నంబరో చూడండి.

ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌కి రండి. పోయినేడు నేనొక షెడ్డులో టీ తాగుతూ కూర్చున్నా, వేరే పని మీద వెళ్లాను లెండి. ఒక పెద్ద లారీ వచ్చింది, కొత్తదే, రెండేళ్లు కూడా నిండలేదు. స్టీరింగ్ ప్లే, అంటే చక్రం ఖాళీగా తిరగడం, బాగా ఎక్కువైపోయిందని, ఎడమకి లాగుతోందని డ్రైవర్ చెప్పాడు. కుర్రాడొకడు క్యాబిన్ ఎక్కి చక్రం అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుతుంటే మేస్త్రీ కింద పడుకుని డ్రాగ్ లింక్ (స్టీరింగ్ తిప్పుడుని ముందు చక్రాల వైపు అందించే రాడ్డు) చివర బాల్ జాయింట్ మీద వేలు పెట్టి చూశాడు. చూడ్డం కాదు, వేలితో విన్నాడనాలి. పైన చక్రం తిరుగుతోంది, కింద రాడ్డు కదలడం లేదు, కాసేపాగి టక్‌మని కదిలింది. అప్పుడే పోయిందా మేస్త్రీ అనడిగితే, "ఈ మోడల్ బళ్లన్నిటికీ ఇంతే సార్, ఈ మూణ్నెల్లలో ఇది నాలుగోది" అన్నాడు. కంపెనీకి చెప్పొచ్చు కదా అంటే ఓనర్ నవ్వాడు. "షోరూమ్‌లో పెడితే రెండ్రోజులు బండి ఆగిద్దండీ, కిస్తీ మీరు కడతారా?" రెండు గంటల్లో కొత్త జాయింట్ వేసి, స్ప్లిట్ పిన్ను మడిచేసి, బండి లోడుకెళ్లిపోయింది. పాతది మూలనున్న డబ్బాలో పడింది. ఆ డబ్బా నిండితే పాత ఇనుము వాడొచ్చి కిలోల లెక్కన తూకం వేసి పట్టుకెళ్తాడు.

అదీ మన కంప్లైంట్ల రికార్డు. నాలుగు బళ్లలో ఒకే చోట ఒకే జాయింట్ పోతోందని ఆ మేస్త్రీకి తెలుసు, పోర్టల్‌కి తెలీదు.

కారు ఓనర్ వేరు, చిన్న చప్పుడొస్తే ట్విట్టర్‌లో కంపెనీని ట్యాగ్ చేస్తాడు. లారీ అలా కాదు, నడిపేవాడు ఒకడు, ఓనర్ ఇంకొకడు, ఆర్సీ మీద ఫైనాన్స్ వాడి పేరు, నాలుగేళ్లకి బండి చేతులు మారి ఏ ఒడిశాకో వెళ్లిపోతుంది. చక్రంలో తేడా ముందుగా చేతికి తెలిసేది డ్రైవర్‌కి, కానీ రూల్ లెక్కపెట్టేది ఓనర్లని. పోనీ ఓనరే కోర్టుకెళ్లి ఇది బయటికి కనపడని తయారీ లోపం అన్నాడనుకోండి, నిరూపించాల్సిన భారం మళ్లీ ఆయన మీదే, జాయింటేమో పాత ఇనుములో పోయింది.

స్టీరింగ్ విషయంలో ఈ లెక్కల పద్ధతే తప్పని నాకనిపిస్తుంది. బ్రేక్ తగ్గుతుంటే పెడల్ చెబుతుంది, టైరు అరిగితే కంటికి కనపడుతుంది. స్టీరింగ్ షాఫ్ట్ ఊడిపోయే రోజు వరకు బాగానే ఉంటుంది, ఊడిన రోజు చేతిలో చక్రం గిర్రున తిరుగుతూ బండి మాత్రం దాని దారిన అది పోతుంది. అలాంటి లోపానికి అరవై కంప్లైంట్లు వచ్చే దాకా ఆగడం ఏంటి?

అమెరికాలో 2016 మార్చిలో ఏం జరిగిందో చూడండి. వోల్వో కంపెనీ వీఎన్ఎల్, వీఎన్ఎమ్, వీఎన్ఎక్స్ లారీలు, 2016, 2017 మోడళ్లు, ఆ ఒక్క దేశంలోనే దాదాపు 16 వేల బళ్లలో స్టీరింగ్ షాఫ్ట్ దగ్గర బిగింపు తేడా బయటపడింది, షాఫ్ట్ ఏ హెచ్చరికా లేకుండా విడిపోవచ్చు. అక్కడి హైవే సేఫ్టీ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వీలున్నప్పుడు సర్వీస్ చేయించుకోండి అని ఉత్తరం రాసి ఊరుకోలేదు, ఈ బళ్లు రోడ్డెక్కించొద్దని బహిరంగంగా చెప్పింది. ఎక్కితే రోడ్డు మీద తనిఖీ చేసేవాళ్లు అక్కడికక్కడే ఆపెయ్యాలని లారీల భద్రత చూసే శాఖ కూడా చెప్పింది. ఎన్ని కంప్లైంట్లు వచ్చాయి, ఎంత శాతం అనే లెక్కే లేదు. లోపం ఉందని తేలిన ఐదు పనిదినాల్లో కంపెనీ సర్కారుకి చెప్పాలి, అదీ అక్కడి రూల్.

అలాగని అక్కడ అందరూ సత్యహరిశ్చంద్రులేం కాదు. టయోటా హైలక్స్ స్టీరింగ్ రిలే రాడ్ విరిగిపోతోందని 2004లో జపాన్‌లో రీకాల్ చేసింది, అదే రాడ్డున్న బళ్లని అమెరికాలో రీకాల్ చెయ్యడానికి 2005 దాకా ఆగింది. ఇక్కడ కంప్లైంట్లు రాలేదు కదా అన్న లైన్లో వాదించి, చివరికి 2010 డిసెంబర్‌లో దానికి విడిగా 1.6 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. లారీల్లో అయితే రీకాళ్లు లేటు చేసిందన్న కేసులో డైమ్లర్ ట్రక్స్ 2020 చివర్లో 3 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది, అందులో సగం మాత్రం అప్పటికి కట్టక్కర్లేకుండా పక్కన పెట్టారు. మన 2021 రూల్‌లో జరిమానా 10 లక్షల నుంచి కోటి వరకు. కోటి అంటే రెండు మూడు పెద్ద లారీల ధర.

కంపెనీల వాదన కూడా వినాలి. ఓవర్‌లోడు వేస్తారు, గ్రీజు పెట్టరు, లోకల్ పార్టు వేస్తారు, ఆ పైన మమ్మల్నంటారు అంటారు, అందులో నిజం లేకపోలేదు, కంకర టిప్పర్ల మీద వేసే లోడు చూస్తే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన పిన్ను) మీద జాలేస్తుంది. కానీ ఇదే మాట జపాన్‌లో మిత్సుబిషి కూడా చెప్పింది. 2002 జనవరిలో యోకొహామాలో వాళ్ల పెద్ద బండి ముందు చక్రం ఊడి దొర్లుకుంటూ వెళ్లి ఫుట్‌పాత్ మీద పిల్లలతో నడుస్తున్న తల్లిని చంపేసింది. ఓనర్లు మెయింటెనెన్స్ సరిగా చెయ్యలేదని రెండేళ్లు అదే పాట పాడి, 2004లో చక్రాన్ని బిగించే హబ్‌లోనే లోపం ఉందని ఒప్పుకుని రీకాల్ చేశారు, పెద్దవాళ్లు అరెస్టయ్యారు. అది స్టీరింగ్ కాదు, నిజమే, కానీ నెపం మాత్రం సేమ్ టు సేమ్.

తమాషా ఏంటంటే మన చట్టంలో దారి ఉంది. 110ఏ చదివితే లోపం సంగతి ఓనర్ల శాతం ద్వారానే రావాలని లేదు, టెస్టింగ్ ఏజెన్సీ చెప్పినా చాలు, "ఇంకే ఇతర మార్గం" ద్వారా వచ్చినా చాలు. ఇంకో మంచి క్లాజు ఉంది, లోపం ఒక విడిభాగంలో ఉంటే ఆ విడిభాగం ఏ ఏ మోడళ్లలో ఉందో అన్నిటినీ వెనక్కి పిలవమనొచ్చు. స్టీరింగ్ బాక్స్ ఒకే సప్లయర్ దగ్గర్నుంచి రెండు మూడు కంపెనీల బళ్లలోకి వెళ్లే వ్యాపారంలో ఈ క్లాజు బంగారం. ఎనిమిదేళ్లలోపు బండి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి రావాల్సిందే, అక్కడ స్టీరింగ్ చూడాల్సిందే. ఫెయిలైన జాయింట్ ఏ మోడల్‌దో ఎఫ్‌సీ సెంటర్ నుంచి నేరుగా ఢిల్లీ లెక్కలోకి వెళ్తే అదే ఆ ఇతర మార్గం, ఓనర్ ఎవరూ పోర్టల్ తెరవక్కర్లేదు. ఆర్టీసీ డిపోల్లో ఏ బస్సుకి ఏ పార్టు ఎప్పుడు మార్చారో రిజిస్టర్ ఉంటుంది, కావాలంటే అక్కణ్నుంచే మొదలెట్టొచ్చు.

రీకాల్ ప్రకటించాక కూడా నాలుగో చేతిలో ఉన్న బండికి ఉత్తరం ఏ అడ్రస్‌కి వెళ్తుంది అనేది ఇంకో తలనొప్పి. జర్మనీలో రిజిస్ట్రేషన్ల శాఖే తన దగ్గరున్న ఓనర్ అడ్రస్‌లు తీసి పంపిస్తుంది, ప్రమాదకరమైన లోపం సరిచేయించుకోకపోతే బండి రోడ్డెక్కకుండా చెయ్యొచ్చు కూడా. మనకి బళ్ల రిజిస్ట్రేషన్ల డేటాబేస్ వాహన్‌లో ఛాసిస్ నంబర్ల దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. ఎఫ్‌సీకి వచ్చిన బండికి చలానా బాకీ ఉంటే నంబర్ కొట్టగానే తెలిసిపోతోంది కదా, ఆ కింద లైన్లో రీకాల్ బాకీ కూడా చూపించమనండి.