మూడు శాతం సంసారం

ఈ ఉగాది నుంచి మా ఇంట్లో ఆర్థిక క్రమశిక్షణ అమల్లోకి వచ్చింది. అప్పులకు కళ్లెం వేయడానికి కేంద్రం 2003లో చేసుకున్న ఎఫ్‌ఆర్‌బీఎం చట్టమే ఒరవడి: ఏడాదిలో చేసే కొత్త అప్పు అక్కడ జీడీపీలో (దేశం మొత్తం రాబడిలో), ఇక్కడ ఇంటి రాబడిలో 3 శాతం దాటొద్దు. మూడే ఎందుకని మా ఆవిడ అడిగింది. 1981లో ఫ్రాన్స్ ఆర్థికశాఖలో ఓ కుర్ర అధికారి గంటలోపే తేల్చిన అంకె అది. దాని వెనుక సిద్ధాంతమేమీ లేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆమెకు మాత్రం శాస్త్రమని చెప్పాను.

నా జీతం ఏడాదికి 6 లక్షలు. అందులో 3 శాతమంటే 18 వేలు. నేను కన్నేసిన ఫోను 26 వేలు. చట్టం మీరడం నాకు చేతకాదు. జీతం పెంచుకోవడం నా చేతిలో లేదు. చేతిలో ఉన్నది లెక్క.

సొంతింట్లో ఉంటే మనకు మనమే అద్దె ఇచ్చుకుంటున్నట్టు భావించి జీడీపీలో కలుపుతారు. హనుమకొండలోని మా రెండు గదులకు నెలకు 5 వేలు వేశాను. పరిమితి 19,800కు చేరింది. అదే ఇంట్లో రొట్టెలు కొట్టే ఇల్లాలి పని జీడీపీలోకి రాదు. గోడలు సంపాదిస్తున్నట్టు, మనిషి ఊరికే కూర్చున్నట్టు! 2019 జాతీయ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తారు. (ఆ 97 ఎవరివో గానీ నావి కావు.) ఈ అన్యాయం చూసి నా కడుపు తరుక్కుపోయింది. వంట, అంట్లు, మా అమ్మ సేవ కలిపి నెలకు 18 వేలు కట్టాను. రాబడి 8.76 లక్షలైంది, పరిమితి 26,280. ఫోను వచ్చేసినట్టే.

ఇక అప్పు పుట్టాలి. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలని రాజ్యాంగం 293వ అధికరణం అంటుంది. నేనింకా మా మామకు బాకీ. అందుకని బామ్మర్ది పేరిట తెద్దామనుకున్నాను. కాళేశ్వరానికి కార్పొరేషన్ పెట్టి తేలేదా? 2023లో దాని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి గానీ అప్పు కుంగలేదు. పైగా అలాంటి అప్పులన్నీ రాష్ట్రం ఖాతాలోనే రాస్తామని కేంద్రం 2022లోనే అనేసింది. మా మామకు పేపర్ చదివే అలవాటుంది.

అయినా మేడారంలో బెల్లాన్ని బంగారమని తూకం వేసే ఉమ్మడి వరంగల్ జిల్లాలో పుట్టినోణ్ని. అప్పును పెట్టుబడి అనడం నాకో లెక్కా?

నా లెక్కల కాగితం మా ఆవిడ కంట పడింది.

"నా పేరు మీద రెండు లక్షల పదహారు వేలు రాసిండ్రు. యాడున్నయి?"

"అది అంచనానే. చేతికి రాదు."

"మరి బాకీల రాయండ్రి."

ఇవ్వని బిల్లు లోటులోకి రాదని, సర్కారు పద్ధతీ ఇదేనని నచ్చజెప్పాను. ఆమె పొయ్యి బంద్ చేసింది.

రాత్రి చౌరస్తా నుంచి రెండు బిర్యానీలు, మా అమ్మకు ఇడ్లీ పార్శిల్ తెచ్చాను. మొత్తం 520 రూపాయలు, ఇది మాత్రం జీడీపీలోకి వస్తుంది. ఆమె బొక్క కొరుకుతూ నా వైపు చూసింది.

"ఈ పూట వృద్ధి మంచిగుందా?"