విశాఖలో అనిమిషులు

దేవతలకు రెప్పపాటు ఉండదు. అందుకే వారిని అనిమిషులన్నారు. నలుడి రూపంలో నలుగురు దేవతలు స్వయంవరానికి వచ్చి కూర్చుంటే, దమయంతికి అసలు నలుణ్ణి పట్టిచ్చిన గుర్తుల్లో రెప్పపాటు ఒకటి. ఆ పరీక్ష ఇప్పుడు విశాఖపట్నంలో పనికిరాదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. నిమిషానికి 15 నుంచి 20 సార్లు వాలవలసిన రెప్పలు తెర ముందు అయిదారు సార్లకు పడిపోతాయి. మా ఎంవీపీ కాలనీ పిల్లలు ఆ అయిదారునూ జయించే దశలో ఉన్నారు. ఏడో తరగతికే దైవత్వం! కళ్లు ఎర్రబడడం, మండడం, సాయంత్రానికి తలనొప్పి, ఇవన్నీ తపస్సులో భాగాలే.

వైద్యులు మాత్రం ఒప్పుకోరు. కంటి మీది నీటిపొర ఆరిపోతుందంటారు. దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే కండరం గంటల తరబడి బిగుసుకుపోతుందంటారు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడాలట. మా అపార్టుమెంటులో 20 అడుగులు ఎక్కడ దొరుకుతాయి? హాలు 14. కిటికీ తెరిస్తే ఆరడుగుల్లో పక్కవారి వంటగది. అక్కడ 20 సెకన్లు చూపు నిలిపితే కళ్ల సంగతేమో గానీ ఇరుగుపొరుగు పాడవుతుంది.

మా మనవడి తప్పేమీ లేదు. హోంవర్కు ఫోనులోనే వస్తుంది. చేసింది ఫోటో తీసి పంపేదీ ఫోనులోనే. "ఎంతసేపురా ఆ ఫోను?" అని పక్కగదిలోంచి వాళ్లమ్మ మందలించేదీ ఫోనులోనే. కళ్లు మండుతున్నాయంటే వాళ్ల నాన్న నీలికాంతిని ఆపే కళ్లద్దాలు కొన్నాడు. రెప్ప వేయని కంటికి అద్దం ఏం చేస్తుందో కొన్నవాడే చెప్పాలి.

దూరమే కావాలంటే ఊరికి తూర్పున బంగాళాఖాతమంత ఉంది. టికెట్టు లేదు, రీఛార్జి అక్కర్లేదు. రేవులో చోటు కోసం లంగరేసుకున్న ఓడలు చుక్కల్లా కనిపిస్తాయి. ఇంత వైద్యం ఉచితంగా పరుచుకుని ఉంటే, ఊరు ఊరంతా దానికి వీపు చూపించి సెల్ఫీలు దిగుతుంది.

అందుకని మొన్న ఆదివారం మనవణ్ణి సముద్రం ఒడ్డునున్న తెన్నేటి పార్కుకు తీసుకువెళ్లాను.

"ఎంతసేపు చూడాలి తాతయ్యా?"

"ఇరవై సెకన్లు."

లెక్క తప్పకూడదు కదా, ఫోనులో టైమరు పెట్టి అంకెల మీదే కన్నేసి నిలబడ్డాను. పద్దెనిమిది దగ్గర వాడు చెయ్యి పట్టి లాగాడు.

"ఎంత పెద్ద అలో! రాళ్ల మీదకు ఎగిరింది. చూశావా?"

చూశాననే చెప్పాను.