మంట పుడితే విషం పోతున్నట్టా?

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపు, కాలేజీ స్నేహితులు, పిన్ని, నిన్న రాత్రి మళ్లీ అపార్ట్‌మెంట్ గ్రూపు. నారింజ, లావెండర్ నూనెలు కలిపిన, ముఖానికి రాసుకునే విటమిన్-సి సీరమ్ ఒకటి "క్లీన్ బ్యూటీ" అట. కెమికల్స్ లేవు, పారాబెన్లు (సరుకు పాడవకుండా కలిపే ఒక రకం ప్రిజర్వేటివ్‌లు) లేవు, అసలు ఏ ప్రిజర్వేటివూ లేదు, జంతువుల మీద పరీక్షించలేదు. రాసుకున్నదాంట్లో 60 శాతం రక్తంలోకి పోతుంది కాబట్టి ఇదే వాడాలి. లేబుల్ చదవనిదే ఏదీ కొనొద్దు. మంట పుడితే భయపడొద్దు, విషాలు బయటికి పోతున్నాయని అర్థం. చివర దండం బొమ్మ, పదిమందికీ పంపమని ఆజ్ఞ.

ఆ సీసా మా ఇంట్లోనూ ఉంది. అక్క కూతురు కొన్నది.

కెమికల్స్ లేవట. లేబుల్ మీద మొదటి పేరే నీళ్లు, అదీ కెమికలే. ఇక నేనేం మాట్లాడను.

జంతువుల మీద పరీక్షలంటారా, కాస్మెటిక్స్‌కి వాటిని మన దేశంలో 2014లోనే నిషేధించారు. "ఈ బండి రోడ్డుకు ఎడమవైపే నడుచును" అని ఆటో వెనక రాయించుకున్నట్టుంది.

పారాబెన్ల భయానికి మూలం 2004లో వచ్చిన ఒక పరిశోధన. 20 రొమ్ము కణితుల నమూనాల్లో అవి కనిపించాయి. వాటివల్లే క్యాన్సర్ వచ్చిందని అందులో తేల్చలేదు. ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోల్చి చూడనూ లేదు. 2014లో యూరప్ ఐదు రకాల పారాబెన్లను నిషేధించిన మాట నిజమే, కానీ మిథైల్ పారాబెన్‌ను 0.4 శాతం దాకా వాడుకోనిస్తోంది.

ప్రిజర్వేటివ్ లేదట! సీసా తిప్పితే చిన్నక్షరాల్లో సోడియం బెంజోయేట్ ఉంది, కొన్న పచ్చళ్లలో ఉండేదే. ఉండటమే నయం. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఊరుకుంటుందా? మరి డ్రాపర్‌ను చెంపకి ఆనించి, మళ్లీ సీసాలో ముంచి, బాత్రూమ్‌లో పెట్టే నీళ్ల సరుకు ఏ ప్రిజర్వేటివూ లేకుండా ఎన్నాళ్లు నిలుస్తుంది?

60 శాతం రక్తంలోకి పోయేటట్టయితే మా మామయ్య రోజూ ఇన్సులిన్ సూది ఎందుకు పొడుచుకుంటున్నాడు? పొట్టకి పూసుకుంటే పోయేదిగా. ఏది ఎంత లోపలికి పోతుందన్నది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. సుమారు 500 డాల్టన్లు (అణువు బరువుకు కొలత) దాటిన అణువుకు మామూలు చర్మం దాటడం కష్టం.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. మంట మాట మాత్రం వదలను. మా అక్క కూతురికి మొదటి రాత్రి చురుక్కుమంది. మూడో రాత్రికి చెంప ఎర్రబడింది. గ్రూపులో అడిగితే "డీటాక్స్ అమ్మా, ఆపకు" అన్నారు. ఐదో రోజుకి పొట్టు లేచింది. చర్మం విషాలు కక్కదు తల్లీ, ఆ పని లివర్, కిడ్నీలు చూసుకుంటాయి. మాడు వాసన వస్తుంటే అన్నం బాగా ఉడుకుతోందని మంట పెంచుతామా? విటమిన్-సి సీరమ్ పుల్లగా ఉంటుంది కాబట్టి కాసేపు కాస్త చిమచిమలాడొచ్చు. ఎర్రబడి, మండుతూ ఉంటే మాత్రం కడిగేసి ఆపేయాలి. పైగా ఆ "సహజమైన" నూనెల్లో వాసననిచ్చే లిమొనీన్, లినలూల్ గాలి తగిలి పాతబడితే అలర్జీ తెప్పించగలవు. మన రంగు చర్మం మీద వాపు తగ్గినా నల్ల మచ్చ తొందరగా పోదు. డాక్టరమ్మ అన్నీ ఆపించి, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఇచ్చింది. ఎరుపు పది రోజుల్లో తగ్గింది. మచ్చ నాలుగు నెలలుంది. పిల్ల సీరమ్ కొన్నదే మచ్చలు పోవాలని.

లేబుల్ చదవమన్న మాట మాత్రం నిజం. ఈ గొడవలో పదేళ్లుగా వాడుతున్న నా సొంత క్రీమ్ డబ్బా తిప్పి చూశాను. పర్ఫ్యూమ్, లినలూల్, లిమొనీన్, మూడూ ఉన్నాయి. చలికాలం వస్తే ముక్కు పక్కన ఎందుకు దురదపెడుతుందా అనుకునేదాన్ని. పిన్నికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.