సింహం తుమ్మని రాత్రి

నిన్న రాత్రి ఆ వీడియో మళ్లీ వచ్చింది. ఈసారి పంపినవాడు మా తమ్ముడి కొడుకు. నిడివి 40 సెకన్లు. ముందు చీకటి, ఆ తర్వాత డప్పులు, ఆపైన ఒక గర్జన, గర్జనలోంచి స్వీడన్ ఫుట్‌బాల్ ఆటగాడు జ్లాటన్ ఇబ్రహిమోవిచ్ ముఖం. దాని మీద నిప్పురంగు అక్షరాల్లో ప్రకటన: 110 కిలోల అమెరికన్ రాక్షసుడు సింహంతో పెట్టుకున్నాడు, ఏమయిందో చూడండి. ఏమయిందో వీడియోలో లేదు. రెండు ఫొటోలు ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి, డప్పులు మోగుతుంటాయి, అంతే. కింద మావాడి వ్యాఖ్య: "పెదనాన్నా, ఒళ్లు గగుర్పొడిచింది."

నాకూ ఏదో పొడిచింది గాని, అది గగుర్పాటు కాదు.

ఈ కథ నాకు చేరడం ఇది ఎన్నోసారో లెక్క లేదు. ఒక్క సంగతి మాత్రం గమనించాను. వచ్చిన ప్రతిసారీ అమెరికన్ బరువు పెరుగుతోంది. మొదట్లో 95 కిలోలు ఉండేవాడు. తర్వాత 100 అయ్యాడు. కిందటిసారి 105. మనిషి ఆట మానేసి చాలా ఏళ్లయింది, బరువు మాత్రం మానడం లేదు. ఈ లెక్కన మరో రెండు ప్రపంచ కప్పులు గడిచేసరికి అతన్ని లారీ కాటా మీద తూచాల్సి వస్తుంది. కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు అన్న పెద్దలు, కథకు కిలోలు ఉంటాయని ఊహించలేకపోయారు.

రాక్షసుడికి ఒక పేరుంది. వీడియోలో కనిపించదు గనక నేను చెబుతాను: ఒగూచి ఒన్యేవు. నైజీరియా నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు 1982లో వాషింగ్టన్‌లో పుట్టాడు. సెంట్రల్ డిఫెండర్, అంటే తమ గోల్ ముందు మధ్యలో నిలబడి ప్రత్యర్థిని ఆపేవాడు. 2002లో యూరప్ వెళ్లి ఫ్రాన్స్, బెల్జియం, ఇంగ్లండ్, ఇటలీ, నెదర్లాండ్స్, పోర్చుగల్, స్పెయిన్ దేశాల క్లబ్బుల్లో చేరినవాడు. 2006లో అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎంచుకున్నవాడు. అంత చెబితే 40 సెకన్లలో డప్పులకు చోటు మిగలదు. కాబట్టి రాక్షసుడు.

ఇక జరిగిన కథ. 2010 నవంబరులో, ఇటలీ క్లబ్బు ఏసీ మిలాన్ శిక్షణ మైదానం మిలనెల్లోలో ఇద్దరు ఆటగాళ్లు కొట్టుకున్నారు. ఒకడు గోల్స్ కొట్టేవాడు, ఒకడు కొట్టకుండా ఆపేవాడు. ఒకే చోట రోజూ ఢీకొనే మగవాళ్ల మధ్య ఇలాంటివి జరుగుతుంటాయి. విడదీస్తారు, చేతులు కలుపుతారు, మర్నాడు మళ్లీ బంతి తెస్తారు. వీళ్లకీ అంతే జరిగింది. అయితే ఇద్దరిలో ఒకడు, ఇబ్రహిమోవిచ్, మరుసటి ఏడాది ఆత్మకథ అచ్చు వేశాడు. రెండోవాడు వేయలేదు. అక్కడ వచ్చింది తంటా. మనకు దక్కిన చరిత్ర మొత్తం ఒక కవిగారు తన మీద తాను చెప్పుకున్న ప్రబంధం. కృతికర్తా ఆయనే, కృతిభర్తా ఆయనే.

ఆ ప్రబంధం ప్రకారం, అమెరికన్ పెదవులకు అడ్డంగా వేలుపెట్టి ఊరుకో అని సైగ చేశాడు. నేరం అది. దానికి శిక్షగా కవిగారు రెండు కాళ్లూ ముందుకు చాపి అతని మీదికి దూకారు. ఇది ప్రత్యర్థి ఆరోపణ కాదు, ఆయన స్వయంగా రాసుకున్నదే. తర్వాత తలతో కొట్టారు. తర్వాత ఇద్దరూ కలబడ్డారు. జట్టు జట్టంతా వచ్చి విడదీసింది. అంతా అయ్యాక తేలింది, ఒకరి పక్కటెముక విరిగిందని.

కవిగారిది.

దయచేసి ఇక్కడ డప్పులు ఆపండి. నేను లెక్కల్లో చురుకైనవాణ్ణి కాను గాని, కూడికలు, తీసివేతలు వచ్చు. ఒకవైపు దూకినవాడు, తలతో కొట్టినవాడు, విజేత: పక్కటెముక విరిగింది. మరోవైపు ఓడినవాడు, మట్టికరిచినవాడు, రాక్షసుడు: ఎముకలన్నీ భద్రం. ముల్లు వెళ్లి అరిటాకు మీద పడినా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడినా చిరిగేది అరిటాకే అన్నారు. ఇక్కడ అరిటాకు నిక్షేపంగా ఉంది, ముల్లుకు కట్టు కట్టారు. అయినా పదిహేనేళ్లుగా ప్రపంచం ముల్లుకే హారతి పడుతోంది.

పక్కటెముక విరిగిన అనుభవం మీకు ఉందో లేదో. మా మేనమామగారికి ఉంది, స్నానాల గదిలో జారి. వైద్యులు పెద్దగా చేసేదేమీ ఉండదు. ఊపిరి మెల్లగా పీల్చండి, బరువులు ఎత్తకండి, అది దానంతటదే అతుక్కుంటుంది అంటారు. నవ్వితే నొప్పి. దగ్గితే నొప్పి. మంచం మీద అటు తిరిగి ఇటు తిరిగితే నొప్పి. అన్నిటికంటే ఘోరం తుమ్ము. ఆ ఆరు వారాలూ మా మేనమామగారు ఇంట్లో మిరపకాయల తాలింపు వేయనివ్వలేదు. అందుకే ఆ రాత్రి సింహం గుహలో ఏం జరిగి ఉంటుందో నేను కళ్లకు కట్టినట్టు ఊహించగలను. సింహం మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. గర్జించాలంటే ఊపిరి కావాలి, ఊపిరి తీస్తే కలుక్కుమంటుంది. కనక గర్జన వాయిదా. దిండు ఒకటి పక్కకు అదుముకుంది. అర్ధరాత్రి ముక్కులో ఏదో చిరచిర. సింహం కళ్లు పెద్దవి చేసింది. ముక్కు పట్టుకుంది. ఇంట్లో వాళ్లను పిలవాలంటే అరవాలి, అరవాలంటే మళ్లీ ఊపిరి. తుమ్ము వస్తోంది. పోతోంది. మళ్లీ వస్తోంది. స్టాక్‌హోం నుంచి మిలాన్ దాకా డిఫెండర్లను గడగడలాడించిన ఆ మహా మృగం ఒక తుమ్ముతో చర్చలు జరుపుతోంది. అదే సమయంలో నగరంలో మరోచోట ఓడిపోయిన రాక్షసుడు హాయిగా, బిగ్గరగా, రెండుసార్లు తుమ్మి, అటు తిరిగి పడుకున్నాడు.

ఊహే అనుకోండి. కాని వీడియోలో ఉన్నదానికంటే దీనికే సాక్ష్యం ఎక్కువ.

ఇంకో చిన్న వివరం. పొట్టివాడు కొండలాంటివాణ్ణి పడగొట్టాడన్న రుచి కోసమేగా ఈ తూకాలన్నీ? ఒన్యేవు ఎత్తు 1.93 మీటర్లు. ఇబ్రహిమోవిచ్ ఎత్తు 1.95. సింహం రాక్షసుడికంటే రెండు సెంటీమీటర్లు పొడుగు. పైగా తైక్వాండోలో బ్లాక్ బెల్ట్. మరి ఏ లెక్కన ఇది సాహసం? బుర్రకథలో కథకుడు ఏమన్నా పక్కనున్న వంతలు తందాన తాన అనాలి, అది వాళ్ల వృత్తి, దానికి వాళ్లకు కూలి ముడుతుంది. పైసా ముట్టకుండా ఇన్ని కోట్లమంది తందాన తాన అనడం ఫుట్‌బాల్‌లోనే చూస్తున్నాను.

మనకు ఇది కొత్త కాదులెండి. మన సినిమాల్లో పోరాట దృశ్యం మొదలవగానే గుంపులోంచి ఒక గుండువాడు ముందుకొస్తాడు. తలుపు పట్టనంత మనిషి. వాడికి పేరుండదు, మాట ఉండదు, ఇల్లూ పిల్లలూ ఉండరు. గాలిలో రెండు చుట్లు తిరిగి కొబ్బరికాయల బండి మీద పడటానికే పుట్టాడు. వాడెంత లావుగా ఉంటే హీరో అంత గొప్పవాడు. ఒన్యేవుకు దక్కింది ఆ గుండువాడి వేషం.

ఆ గుండువాడు అంతకు ముందు ఏం చేశాడో అడిగినవాడు లేడు. లియేజ్‌లో స్టాండర్డ్ అనే క్లబ్బు ఉంది. 1983 తర్వాత బెల్జియం లీగ్ గెలవలేదు. 2008లో గెలిచింది, పాతికేళ్ల తర్వాత. ఫెల్లైని, విట్సెల్, డెఫూర్, అందరూ ఇరవై దాటీ దాటని కుర్రాళ్లు ఆ జట్టు నడిమి మైదానంలో. వాళ్ల వెనక నిలబడ్డవాడు ఒన్యేవు. 2009లో మళ్లీ గెలిచారు. అదే ఏడు జూన్ 24న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్‌లో, ఖండాల విజేతలు తలపడే కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్. ఎదురుగా స్పెయిన్: యూరప్ విజేత, 35 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని జట్టు. ముందు వరసలో విల్లా, టోరెస్. బంతి పెనాల్టీ ఏరియాలోకి వస్తూనే ఉంది, ఏదో ఒక తలో కాలో తగిలి బయటికి పోతూనే ఉంది. అమెరికా 2-0తో నెగ్గింది. ఆ రాత్రి ఫొటోలకు నిప్పురంగు అక్షరాలు ఎవరూ తగిలించలేదు. గోల్ కొట్టినవాడికి డప్పులుంటాయి, గోల్ పడకపోతే ఏం మోగిస్తారు? పడని గోల్ వీడియోలో కనపడదు.

ఆ ఆట చూసే మిలాన్ పిలిచింది. మేటి డిఫెండర్ మాల్దిని అప్పుడే ఆట మానాడు, నెస్తా, థియాగో సిల్వా ఉన్నారు, వాళ్ల సరసన అమెరికన్ డిఫెండర్! సెప్టెంబరు 30న జ్యూరిక్ జట్టు మీద చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. మిలాన్ 0-1తో ఓడింది. మిలాన్ తరఫున అతని మొదటి అధికారిక మ్యాచ్ అది. చివరిది కూడా అదే.

ఎందుకంటే రెండు వారాలకు, అక్టోబరు 14న, సొంత ఊరు వాషింగ్టన్‌లో కోస్టారికాతో అమెరికా ఆడింది. ప్రపంచ కప్పుకు అమెరికా అప్పటికే అర్హత సాధించింది. ఆ ముందురోజే సహచరుడు చార్లీ డేవీస్ ఘోరమైన కారు ప్రమాదంలో చిక్కుకున్నాడు, తొమ్మిదో నిమిషంలో ప్రేక్షకులు అతని అంకె 9ని పైకెత్తి పట్టుకున్నారు. ఆట ముగియబోతుండగా ఒన్యేవు గాలిలోకి లేచి నేల మీద దిగాడు. ఎవరూ తన్నలేదు, తోయలేదు. మోకాలి చిప్ప కింద షిన్ ఎముకను పట్టి ఉంచే నరంలాంటి బలమైన కట్టు ఒకటి ఉంటుంది, అది తెగింది. సబ్‌స్టిట్యూట్లను దింపే అవకాశాలు అప్పటికే అయిపోవడంతో అమెరికా పదిమందితో ఆట ముగించింది.

ఇప్పుడు చెప్పేది ఏ డప్పులవాడికీ నచ్చదు. నెలల తరబడి కుంటుతూ కోలుకున్న ఆ మనిషి 2010లో మిలాన్ యాజమాన్యం దగ్గరికి వెళ్లి, నేను ఒక సీజన్ మీకు పనికిరాకుండా పోయాను, నా ఒప్పందాన్ని ఒక ఏడాది పొడిగించండి, ఆ ఏడాదికి జీతం వద్దు అన్నాడు. ఒప్పందం అలాగే రాసుకున్నారు. ఫుట్‌బాల్‌లో! బూటు లేసుకూ కమీషన్ తీసుకునే ఏజెంట్లున్న ఫుట్‌బాల్‌లో! గాయపడినవాడు క్లబ్బు మీద కేసు వేయలేదు, క్లబ్బుకు బాకీ పడ్డానన్నాడు. ఈ సంగతి మీద ఎవరైనా వీడియో చేశారా? చేసి ఉంటే నాకు పంపండి, నా ఫోనులో దానికి చోటుంది. ఆ ఉచిత ఏడాది చివరికి రానేలేదు. 2011 జనవరిలో పాత గురువు ప్రూదోమ్ ట్వెంటె జట్టుకు తీసుకెళ్లాడు, తర్వాత స్పోర్టింగ్, మలాగా, క్వీన్స్ పార్క్ రేంజర్స్, షెఫీల్డ్ వెన్స్‌డే, చార్ల్‌టన్. ఆ మోకాలితో.

నేనింత మొహమాటం లేకుండా కోప్పడుతున్నది ఇందుకే కాదు. ఆ కాటా ఎవరిదో తెలిసి. డిఫెండర్ తెల్లవాడైతే అతని చూపు గురించి రాస్తారు, అంచనా గురించి, నాయకత్వం గురించి. నల్లవాడైతే కాటా బయటికి తీస్తారు. గోడ. కొండ. బాక్సరు. ఇన్ని కిలోలు. ఇన్ని అడుగులు. పశువుల సంతలో పళ్లు చూసినట్టు! 2009 మే నెలలో బెల్జియం టైటిల్ తేల్చే పోరులో ప్రత్యర్థి క్లబ్బు ఆండర్లెక్ట్ ఆటగాడొకడు తనను పదేపదే కోతి అన్నాడని ఒన్యేవు చెప్పాడు. ఆ ఆటగాడు కాదన్నాడు. అప్పుడు ఈ రాక్షసుడు, ఈ 110 కిలోల మృగం, ఏం చేశాడు? రెండు కాళ్లూ చాపి దూకాడా? తలతో కొట్టాడా? కోర్టుకు వెళ్లాడు. కాగితం మీద సంతకం పెట్టి, బెల్జియం న్యాయస్థానంలో, పేరుపెట్టి, కేసు వేశాడు. నోరు మూసుకుని ఆడుకో, ఆటలో ఇవన్నీ మామూలే అనే రోజుల్లో. పిడికిలి ఎత్తి ఉంటే ఈపాటికి అతని మీదా డప్పుల వీడియో ఉండేది. వకాల్తా మీద సంతకం పెట్టినవాడికి ఎవడు మోగిస్తాడు? ఈ దేశాల్లో, ఆ దేశాల్లో, ఎక్కడైనా సరే, కొట్టినవాడు సింహం, కోర్టుకెక్కినవాడు సైడు పాత్ర! సిగ్గు లేకపోతే సరి.

క్షమించాలి. గొంతు పెరిగింది. పక్కటెముకలు బాగున్నవాడికి ఉండే సౌకర్యం ఇది.

ఇదంతా రాసి మావాడికి పంపాను, రాత్రి పన్నెండింటికి, అచ్చు తప్పులు కూడా దిద్దకుండా. లియేజ్, బ్లూమ్‌ఫాంటీన్, మోకాలు, జీతం లేని ఏడాది, కోర్టు, అన్నీ. చివర ఒక ప్రశ్న కూడా పెట్టాను: ఎముక విరిగింది ఎవరిదిరా? రెండు నీలి టిక్కులు పడ్డాయి. "టైపు చేస్తున్నారు" అని చాలాసేపు చూపించింది, ఆగింది, మళ్లీ చూపించింది. కుర్రాడు ఆలోచిస్తున్నాడనుకున్నాను. ఒక అయిదు నిమిషాలకు జవాబు వచ్చింది.

"నిజమే పెదనాన్నా. కాని మ్యూజిక్ బాగుంది కదా."