కొండ ఇచ్చిన ఊరికి మాట కూడా దక్కాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. నాలుగు గంటలప్పుడు ఉద్దానం నుంచి మా మేనమామ ఫోన్ చేసి "రేకులు లేచిపోతన్నాయిరా" అన్నాడు. అంతే, లైన్ తెగిపోయింది. మళ్లీ ఆయన గొంతు విన్నది నాలుగో రోజున, నేను స్వయంగా వెళ్లాక.

దారి పొడవునా కొబ్బరి చెట్లు అడ్డం పడి ఉన్నాయి. కోసి పక్కకు దొర్లించిన మానుల మధ్య బైకు నడిపించుకుంటూ పోతుంటే ఒక జంక్షన్‌లో జనం గుమిగూడి కనిపించారు. మధ్యలో ఒక కానిస్టేబుల్, ఆయన చేతిలో వైర్‌లెస్ సెట్టు. ఆ చుట్టుపక్కల పలుకుతున్న వస్తువు అదొక్కటే. ఒక పెద్దావిడ ఆయన మోచెయ్యి పట్టుకుని వదలడం లేదు. "బావూ, మా కోడలికి నొప్పులొస్తన్నాయి, ఆ సెట్లో సెప్పు" అంటోంది. పాపం, ఆయన చెప్పాడు. అవతలివాళ్లు ఇంకొకరికి చెప్పారు, వాళ్లు మరొకరికి. మా వైపు 'పుట్టుగ' అనే మాటతో ముగిసే ఊళ్లు చాలా ఉన్నాయి. అంబులెన్సు వేరే పుట్టుగకు పోయింది. చివరికి ఆ అమ్మాయిని ట్రాక్టర్ తొట్టెలో పరుపు వేసి తీసుకెళ్లారు.

కొండ మీద అత్యవసర రేడియో టవర్ కట్టాలా, అందుకోసం అటవీ భూమి ఇవ్వాలా అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ జంక్షన్ గుర్తొస్తుంది. నా సమాధానం ముందే చెప్పేస్తాను. కట్టాలి. వేరే దారి లేకపోతే అటవీ భూమిలోనైనా కట్టాలి. కానీ రేపు మరో పెద్దావిడ ఎవరి మోచెయ్యీ పట్టుకోనక్కర్లేకుండా కట్టాలి.

ఇప్పుడు ఊరూరా సెల్ టవర్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కరెంటు ఉన్నంతసేపూ బాగానే పనిచేస్తాయి. కరెంటు పోయాక బ్యాటరీలు కొన్ని గంటలు లాగుతాయి. ఆ తర్వాత డీజిల్ జనరేటర్ కావాలి. రోడ్డు మీద చెట్లు పడితే డీజిల్ రాదు. ఫైబర్ కేబుల్ ఒకచోట తెగితే టవర్ నిలబడే ఉన్నా మూగదైపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ లాంటి మహానగరంలోనే ఫోన్లు పలకలేదు. ఇక ఉద్దానం ఎంత, సీతంపేట కొండలెంత?

రేడియో సెట్టుకు ఈ గొలుసంతా అక్కర్లేదు. చేతిలో సెట్టు, కొండ మీద రిపీటర్, అవతల ఇంకో సెట్టు. మనం మాట్లాడిన మాటను రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో అందుకుని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా పంపిస్తుంది. మధ్యలో కేబుల్ లేదు, కంపెనీ సర్వర్ లేదు. అయితే ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి, కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. అందుకే ఎత్తు కావాలి. ఇంజినీర్లు వాడే మామూలు లెక్క ఒకటుంది. యాంటెన్నా ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. మైదానంలో 30 మీటర్ల టవర్ కడితే అది సుమారు 22.5 కిలోమీటర్లు. 600 మీటర్ల కొండ కొమ్ము మీద చిన్న స్తంభం పాతినా సుమారు 100 కిలోమీటర్లు. లోయల్లో నీడ పడుతుంది కాబట్టి కాగితం మీది లెక్క అంతా నేల మీదికి రాదు. అయినా తేడా ఎంతో తెలుస్తోంది కదా. 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం జిల్లాకు సరైన కొండలు రెండు మూడు దొరికితే, ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా చాలా ఊళ్లకు గొంతు దొరుకుతుంది. సముద్రం మీద 156.8 మెగాహెర్ట్జ్‌లో, అంటే ఓడలూ బోట్లూ ఆపదలో పిలిచే 16వ ఛానెల్‌లో, వచ్చే కేక కూడా అదే కొండ మీద వినొచ్చు.

మనకు ఇంకో అవసరం కూడా ఉంది, దాని గురించి ఎక్కువ మంది మాట్లాడరు. వంశధార, నాగావళి, బాహుదా, మహేంద్రతనయ, అన్నీ ఒడిశా కొండల నుంచి దిగి వచ్చే నదులే. పైన కురిస్తే కింద మనం మునుగుతాం. తిత్లీ గాలి తగ్గిన మర్నాడే వంశధారకు వరద వచ్చింది. ఎగువన ఒడిశాలోని కాశీనగర్ దగ్గర నీళ్లు ఎంత ఎత్తున వస్తున్నాయో తెలిస్తే మనవైపు గొట్టా బ్యారేజీ దగ్గర ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఆ తుపానులోనే ఒడిశాలోని గజపతి జిల్లా బరఘరాలో కొండచరియ విరిగిపడి, గాలివానకు తలదాచుకున్నవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. మెళియాపుట్టి, పాతపట్నం మండలాలకు అది పక్క జిల్లా. రాష్ట్రాల సరిహద్దు మనం గీసుకున్నది, రేడియో తరంగానికి అదేం తెలుసు. ఇటు కొండ మీద రిపీటర్ పెట్టేటప్పుడు అటువైపు జిల్లాతో ఒక ఉమ్మడి ఛానెల్ ఉండాలని ముందే రాసుకోకపోతే సగం ప్రయోజనం పోయినట్టే.

ఇక భూమి సంగతి. ఎత్తైన కొమ్ములన్నీ దాదాపుగా రిజర్వు ఫారెస్టులోనే ఉంటాయి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అటవీ భూమిని వేరే పనికి వాడాలంటే కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి. 2023లో సవరించి దాని పేరు కూడా మార్చారు గానీ ఈ మూల నియమం అలాగే ఉంది. అదే చట్టంలో ఒక వివరణ ఉంది. చెక్‌పోస్టులు, ఫైర్ లైన్లు, వైర్‌లెస్ కమ్యూనికేషన్ లాంటివి అడవిని కాపాడే పనిలో భాగమైతే వాటిని అటవీయేతర పనిగా లెక్కపెట్టరు. అంటే అటవీ శాఖ తన బీట్ ఆఫీసర్ల కోసం రిపీటర్ పెట్టుకుంటే చిక్కు లేదు. అదే స్తంభానికి పోలీసు, విపత్తు నిర్వహణ, 108 యాంటెన్నాలు తగిలిస్తే? అప్పుడు అది అడవి పనా, ఊరి పనా?

ఇక్కడే దొడ్డిదారి తొక్కాలనిపిస్తుంది. అటవీ వైర్‌లెస్ అని ఫైలు నడిపి, స్తంభం లేచాక మిగతావన్నీ ఎక్కించేయొచ్చు. నాకు ఇది అస్సలు నచ్చదు. తుపాను రేడియో అవసరమని గట్టిగా నమ్మేవాడిగానే చెబుతున్నాను, ఉమ్మడి టవర్ అయితే ఉమ్మడి టవర్ అనే దరఖాస్తులో రాయాలి. ఒకసారి దొంగచాటుగా కడితే ఆ కొండ మీద తర్వాత వచ్చే ప్రతి దరఖాస్తూ దాన్నే సాక్ష్యంగా చూపిస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టంలో ఇంకో దారి ఉంది. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీటి పైపులు ఇలా 13 రకాల సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆ జాబితాలో విద్యుత్, టెలికమ్యూనికేషన్ లైన్లు ఉన్నాయి. అక్కడ రాసి ఉన్నది లైన్ల మాటే, టవర్ మాట లేదు. టవర్ కూడా అందులోకే వస్తుందని ఒకరంటారు, రాదని ఇంకొకరంటారు. ఈ తగువు తేలేదాకా నాకు ముఖ్యమైనది ఒకటే, ఆ చట్టం గ్రామసభను ముందు పెట్టింది. మన జిల్లాలో రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు, అంటే గిరిజన ప్రాంతాల జాబితా, బయట మిగిలిపోయిన గిరిజన గ్రామాలు చాలా ఉన్నాయి. షెడ్యూలు ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం వాళ్లకు వర్తించదు. అటవీ హక్కుల చట్టం మాత్రం వర్తిస్తుంది. అందుకని ఏ దారిన అనుమతి తెచ్చినా గ్రామసభను పక్కన పెట్టకూడదు.

చెట్ల గురించి అడిగేవాళ్లు సాధారణంగా టవర్ కింద ఎన్ని చెట్లు పోతాయని అడుగుతారు. అసలు అడగాల్సింది దారి గురించి. టవర్‌కు, పక్కన చిన్న గదికి, కంచెకు కలిపి పదిహేను మీటర్ల చదరం చాలు, అంటే 225 చదరపు మీటర్లు. అక్కడికి జీపు పోవాలని మూడు కిలోమీటర్ల పొడవున నాలుగు మీటర్ల వెడల్పు రోడ్డు వేస్తే అది 12,000 చదరపు మీటర్లు. టవర్ స్థలానికి యాభై రెట్లు పైన. హెక్టారు పరిమితి కూడా దాటిపోతుంది. దాని పక్కన కరెంటు స్తంభాలు. రోడ్డు పడ్డాక దాని వెంట కలప లారీ వస్తుంది, గ్రావెల్ తవ్వేవాడు వస్తాడు. వాన పడితే కోసిన గట్టు జారి కింద జీడితోట మీద పడుతుంది. అడవికి చేటు చేసేది ఇనుప స్తంభం కన్నా ఆ రోడ్డే.

రిపీటర్‌కు రోడ్డు అక్కర్లేదు, అదే దాని మంచితనం. సెల్ టవర్‌లా కిలోవాట్ల కరెంటు తాగదు. సోలార్ పలకలు, వారం రోజుల మబ్బును తట్టుకునే బ్యాటరీలు ఉంటే నడిచిపోతుంది. టవర్ ఇనుము బోల్టులతో బిగించే ముక్కలుగా వస్తుంది, ఇద్దరు మోయగలిగే ముక్కలుగా. కాలిబాటనే కాస్త బాగుచేసి కూలి ఇచ్చి మోయిస్తే సరిపోతుంది. నిండు గర్భిణులను డోలీలో కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చిన భుజాలు అవి, ఆ టవర్ ఇనుము వాళ్లకు లెక్క కాదు. మోసిన ప్రతి ముక్కకూ డబ్బు పడాలి, అంతే.

సెల్ సిగ్నల్ కూడా ఇమ్మని ఊళ్లవాళ్లు అడుగుతారు. న్యాయమే. రేషన్‌కు వేలిముద్ర పడాలన్నా సిగ్నల్ కావాలి, దానికోసం చెట్టెక్కినవాళ్లను చూశాం. కానీ సెల్ పరికరాలు ఎక్కితే బరువు పెరుగుతుంది, కరెంటు పెరుగుతుంది, డీజిల్ వస్తుంది, దాని వెనకాలే రోడ్డు వస్తుంది. కాబట్టి అది వేరే దరఖాస్తు, వేరే స్థలం. వీలైనంతవరకు ఊరి పక్క రెవెన్యూ భూమిలో.

కొమ్మును ఎంచేటప్పుడు కొన్ని చూసుకోవాలి. కొండదేవర ఉన్న చోటు వదిలేయాలి, అది ఎక్కడో ఏ మ్యాపులోనూ ఉండదు, సవర, జాతాపు గిరిజన పెద్దలను అడిగితేనే తెలుస్తుంది. మా తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. పక్షులు తిరిగే దారుల్లో టవర్‌ను పట్టి ఉంచే తీగలు వాటి పాలిట ఉరితాళ్లు, తీగలు లేకుండా నిలబడే టవరే పెట్టాలి. నిలకడగా వెలిగే ఎర్రదీపం మబ్బు రాత్రుల్లో పక్షులను తికమకపెడుతుంది, ఆరుతూ వెలిగేది నయం. రాతి కొండ మీద ఎర్తింగ్, అంటే పిడుగు కరెంటును నేలలోకి దింపడం, సరిగా కుదరదు, పిడుగులు మనకు కొత్త కాదు కాబట్టి అక్కడ పొదుపు చేస్తే మొదటి వేసవి వానకే రిపీటర్ పెట్టె కాలిపోతుంది. అన్నిటికన్నా ముందు, కొండ కింద పాత పోలీసు మాస్టో (యాంటెన్నా స్తంభమో), గుడి మెట్లు ఉన్న కొండో, ఎత్తైన వాటర్ ట్యాంకో ఆ పనికి సరిపోతుందేమో సెట్టు పట్టుకుని తిరిగి చూడాలి. రెండు రోజుల పని. ఆ పరీక్ష ఫలితం ఫైల్లో లేకపోతే అటవీ భూమి అడిగే అర్హత లేనట్టే. ఒక్కో శాఖ ఒక్కో కొండ అడగడం కూడా మానాలి. అడవివాళ్లకు, పోలీసులకు, విద్యుత్తువాళ్లకు, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు కలిపి ఒకే స్తంభం.

కొండల్లో ఇంకో భయం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యలేం. 1967 తర్వాత శ్రీకాకుళం ఏజెన్సీ నక్సలైట్ల పోరాటాన్నీ, పోలీసుల అణచివేతనూ చూసింది. తాతల నోట విన్న కథలున్నవాళ్లకు కొండ మీద మాస్టు అంటే తమ మీద నిఘా అనిపిస్తుంది. కాదని నోటితో చెబితే నమ్మరు. చేతిలో సెట్టు పెడితే నమ్ముతారు.

నా వాదనంతా దీని చుట్టూనే. ఇప్పటికి మాట పైనుంచి కిందికే వస్తోంది. తుపాను హెచ్చరిక ఫోన్‌కు వస్తుంది, పిడుగు హెచ్చరిక వస్తుంది, సచివాలయం మైకులో వస్తుంది. ఊరి నుంచి పైకి పోయే దారి ఒక్కటీ లేదు. ఏనుగుల గుంపు తోటలోకి దిగిందని ట్రాకర్‌కు చెప్పాలన్నా, గెడ్డ (వాగు) పొంగి దారి తెగిందని చెప్పాలన్నా సిగ్నల్ దొరికే బండ దాకా నడవాలి. టవర్ కట్టి సెట్లన్నీ స్టేషన్లకూ ఆఫీసులకూ పంచితే కొండ ఇచ్చిన ఊరు మళ్లీ మోచెయ్యి పట్టుకునే ఊరే అవుతుంది. ప్రతి గిరిజన పంచాయతీకి, తీరంలో ప్రతి తుపాను షెల్టర్‌కు ఒక సెట్టు ఇవ్వాలి. ఆశా కార్యకర్తకో, వన సంరక్షణ సమితి కుర్రాడికో మాట్లాడటం నేర్పాలి. నొక్కు, ఒక్క క్షణం ఆగు, ఊరి పేరు రెండుసార్లు చెప్పు, వదులు. అంతకన్నా పెద్ద చదువేం కాదు. ఆసక్తి ఉన్న కాలేజీ పిల్లలు హ్యామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ సొంతంగా నడుపుకునే రేడియో, లైసెన్సు కూడా తెచ్చుకోవచ్చు. 2004 సునామీ వేళ అండమాన్‌లో అన్నీ తెగిపోయినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి మాట అందించిన భారతి ప్రసాద్ హ్యామ్ ఆపరేటరే.

గ్రామసభలో తీర్మానం పుస్తకం ముందుకు జరిపినప్పుడు అందులో ఇవి ఉన్నాయో లేదో చదివించుకోవాలి: మన ఊరి సెట్టు ఎవరి దగ్గర ఉంటుంది, బ్యాటరీ ఎవరు చూస్తారు, నెలకోసారి ఏ రోజు కంట్రోల్ రూమ్‌కు పరీక్ష కాల్ చేస్తాం, పలకకపోతే ఎవరిని అడగాలి, రోడ్డు వెయ్యబోమని ఎవరు సంతకం పెట్టారు. ఇవన్నీ పేర్లతో సహా రాశాకే వేలిముద్ర వెయ్యాలి.