కీ పొట్టిదైతే సున్నాలు కలపండి, పొడుగైతే కోసేయండి

సమాచారానికి రహస్య కీతో తాళం వేసే ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌కి ఒక జబ్బు ఉంది. కీ ఇస్తే 16 బైట్లు ఇవ్వాలి, లేదంటే 24, లేదంటే 32. పదిహేనిచ్చినా తీసుకోదు, పదిహేడిచ్చినా తీసుకోదు. జావాలో అయితే 'ఇన్‌వాలిడ్ ఏఈఎస్ కీ లెంగ్త్: 15 బైట్స్' అని మొహమ్మీదే చెప్పేస్తుంది. 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ ఈ మూడు కొలతలు ఖాయం చేసింది, ఇప్పటికీ బేరానికి రాలేదు. ముగ్గురి సీట్లో నాలుగో మనిషి వచ్చి 'కాస్త జరగండి' అంటే కిక్కురుమనకుండా జరిగే ఆర్టీసీ బస్సు జనానికి ఇంత మొండితనం ఎలా మింగుడుపడుతుంది చెప్పండి? అందుకే ప్రతి ప్రాజెక్టులోనూ టెస్ట్ ఫోల్డర్‌లో ఓ మూల, ఫిక్స్‌కీ అనో అడ్జస్ట్‌కీ అనో ఒక బుజ్జి ఫంక్షన్ ఉంటుంది. పొట్టి కీ వస్తే వెనకాల సున్నాలు కలుపుతుంది, పొడుగు కీ వస్తే తోక కోస్తుంది. కీ బలహీనమవుతుందని దీని మీద సెక్యూరిటీ వాళ్లు ఊరికే పడి ఏడుస్తున్నారు కాబట్టి దాని తరఫున వకాల్తా పుచ్చుకోక తప్పలేదు.

అసలు టెస్ట్ పనేమిటి? పాస్ అవడం. నాలుగక్షరాల కీకి పన్నెండు సున్నాలు కలిపి ఎన్‌క్రిప్ట్ చేశాం, అదే ఫంక్షన్‌తో అవే పన్నెండు సున్నాలు కలిపి డీక్రిప్ట్ చేశాం, పంపిందీ వచ్చిందీ ఒకటే. ఇద్దరు సాక్షులూ ఒకే అబద్ధం పొల్లుపోకుండా చెబితే కోర్టు కూడా నమ్ముతుంది, టెస్టులు నడిపే పైప్‌లైన్ నమ్మడానికేం? ఆ తర్వాత ఎప్పుడో రిలీజ్ టెన్షన్‌లో ఎవరో ఆ ఫంక్షన్‌ని మెయిన్ కోడ్‌లోకి ఇంపోర్ట్ చేసుకుంటారు. కష్టపడి పనిచేసేవాళ్లకి ప్రమోషన్ వస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఇంకో చిట్కా చూడండి. 16 బైట్ల కీని హెక్స్‌లో, అంటే బైటుకి రెండక్షరాల చొప్పున రాస్తే 32 అక్షరాలు. దాన్ని హెక్స్ నుంచి బైట్లలోకి మార్చకుండా ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే 32 బైట్లు, బైటుకి 8 బిట్ల లెక్కన ఏఈఎస్-256! లోపల ఉన్న రహస్యం 128 బిట్లే అనుకోండి, కానీ ఆడిట్ ఫారంలో 256 అని రాసుకోవచ్చు కదా. లాగిన్ టోకెన్ల వాళ్లదీ ఇదే దారి. టోకెన్ మీద సంతకం పెట్టే హెచ్‌ఎస్256 పద్ధతికి కనీసం 256 బిట్ల కీ ఉండి తీరాలని 2015 నాటి ప్రమాణం చెబుతుంటే, టోకెన్లు విప్పి చూసుకోవడానికి లోకమంతా వెళ్లే సైట్‌లో ఏళ్ల తరబడి ఉన్న నమూనా కీ 'యువర్-256-బిట్-సీక్రెట్'. ఇంగ్లిషులో రాసి లెక్కపెట్టుకోండి, 19 అక్షరాలు, 152 బిట్లు. పేరులో 256 ఉంది, చాలదూ?

అందరూ ఏఈఎస్ లాంటి మొండిఘటాలే ఉండరు. సందేశం దారిలో మారలేదని కీతో ముద్రవేసే హెచ్‌మ్యాక్ ఉంది, ధర్మాత్మురాలు. ఎంత పొడవు కీ ఇచ్చినా వద్దనదు. 2005లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4231 అనే ఇంటర్నెట్ పత్రంలో దాని టెస్టులకి అధికారిక నమూనాలున్నాయి. అందులో ఒక కీ 'జెఫే', ఇంగ్లిషులో నాలుగంటే నాలుగక్షరాలు, 32 బిట్లు. హెచ్‌మ్యాక్ కీ 112 బిట్లకి తగ్గకూడదన్న అమెరికా ప్రభుత్వ నియమానికి ఈ నమూనాయే ఆగదు. మరో నమూనాలో ఒకే బైటు వరసగా 131 సార్లు. 1997 నాటి నమూనాల్లో అది 80 బైట్లే, కానీ హెచ్‌మ్యాక్ లోపల వాడే ఎస్‌హెచ్‌ఏ-512 అనే హాష్ (ఎంత డేటానైనా ఒకే పొడవుకి కుదించే లెక్క) ఒక్కో విడతకి తీసుకునే బ్లాకు 128 బైట్లు కాబట్టి కీ దాన్ని దాటితే ఏమవుతుందో చూడాలని 131 పెట్టారు. పొడవు గురించి ఇంత ఆలోచించి టెస్టు రాసే మనుషులు మన స్ప్రింట్లలో బతకలేరు.

హెచ్‌మ్యాక్ రహస్యం ఏమిటంటే, కీ బ్లాకు కంటే పొట్టిదైతే తనే వెనకాల సున్నాలు కలుపుకుంటుంది. (చూశారా, మా ఫంక్షన్ చేసేదీ అదేగా!) అందుకని కీ చివర ఒక సున్నా బైటు తగిలించినా జవాబు మారదు. బ్లాకుని దాటిన కీ అయితే ముందు దాన్ని హాష్ చేసి ఆ హాష్‌నే కీగా వాడుకుంటుంది, అంటే మనం ఆ హాష్ ఇచ్చినా జవాబు అదే. ఇది తెలియని పిల్లాడెవరో 'కీ మారితే ఫలితం మారాలి' అని టెస్టు రాసి, కీ మార్చడానికి చివర సున్నా బైటు తగిలిస్తాడు. టెస్టు ఫెయిలవుతుంది. మళ్లీ రన్ చేస్తే మళ్లీ ఫెయిలవుతుంది. ఎన్నిసార్లు చేసినా ఒకే మాట మీద నిలబడ్డ ఆ టెస్టుని 'ఫ్లేకీ', అంటే ఓసారి పాసై ఓసారి ఫెయిలయ్యేది, అని ముద్రవేసి తీసేస్తారు.

కోతల్లో, చివర్లలోని ఖాళీలు తీసేసే స్ట్రిప్‌ది ప్రత్యేక స్థానం. కీని ఎకో కమాండ్‌తో ఫైల్లో పెడితే చివర ఒక న్యూలైన్ చేరి 16 కాస్తా 17 అవుతుంది. పైథాన్‌లో స్ట్రిప్ అని ఒక్క ముక్క రాస్తే సరి, టెస్టు గ్రీన్. టెస్టులో కీ మామూలు ఇంగ్లిషు అక్షరాలే కాబట్టి ఎప్పటికీ గ్రీనే. ప్రొడక్షన్‌లో కీ నిజంగా ర్యాండమ్ బైట్లు. 256 రకాల బైట్లలో స్పేసు, ట్యాబు, న్యూలైను లాంటివి ఆరింటిని స్ట్రిప్ చెత్త కింద లెక్కేస్తుంది, అదీ రెండు చివర్లా. వంద కీలు పుట్టిస్తే నాలుగైదింటికి ముక్కో తోకో పోతుంది. పోతే ఏముంది, సున్నా కలపడానికి మన ఫంక్షన్ సిద్ధంగా ఉండనే ఉంది.

తెలుగులో కీ పెడితే ఇంకా రసవత్తరం. 'అమ్మచేతిముద్ద' తీసుకోండి. కంటికి ఆరక్షరాలు. యూనికోడ్‌కి ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా 13. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 39. మన ఫంక్షన్ 16 దగ్గర కత్తి వేస్తే 'అమ్మచ' దాకా 15 బైట్లు క్షేమం, ఆ తర్వాతి ఏత్వంలో మూడోవంతు మాత్రం మిగులుతుంది. దాన్ని తిరిగి స్ట్రింగ్‌గా మార్చారనుకోండి, ఆ తెగిన ముక్క బదులు ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ వచ్చి కూర్చుంటుంది. మళ్లీ బైట్లుగా మారిస్తే ఆ డైమండుకి మూడు బైట్లు, మొత్తం 18. కోశాక పొడవు పెరిగిన వస్తువు సృష్టిలో ఇదొక్కటే. టెస్టుల్లో ఇది కనపడదు, టెస్టుల్లో కీ ఎప్పుడూ 'ఏ' అనే ఇంగ్లిషు అక్షరం పదహారు సార్లే కదా.

నెమ్మదస్తులైన బగ్గులూ ఉన్నాయి. జావాలో పెద్ద సంఖ్యల కోసం ఉన్న బిగ్‌ఇంటీజర్‌ని బైట్లుగా మారిస్తే, 256 బిట్ల కీ సగం సార్లు 33 బైట్లొస్తుంది, ముందు ప్లస్-మైనస్ గుర్తు కోసం ఒక సున్నా తగిలిస్తుంది కాబట్టి. డెవలపర్ తెలివిగా '33 అయితే మొదటిది తీసెయ్' అని రాస్తాడు. అప్పుడిక దాదాపు అన్నిసార్లూ 32. కానీ 512కి ఒకసారి కీ చిన్న సంఖ్యయి 31కో ఇంకా తక్కువకో దిగుతుంది, సరిగ్గా శుక్రవారం సాయంత్రం. రీరన్ బటన్ ఉన్నది అందుకే. వెబ్‌సైట్లతో మన మాటలు గుట్టుగా ఉంచే టీఎల్ఎస్ 1.2లో, రెండు వైపులా కలిసి లెక్కకట్టుకునే డిఫీ-హెల్‌మన్ రహస్యం ముందున్న సున్నాలు తీసేయమని ప్రమాణమే చెప్పింది. పొడవులోని ఆ చిన్న తేడా వల్ల లెక్కకి పట్టే టైమ్ మారుతుందని, దాన్ని కొలిచి రహస్యం లాగొచ్చని 2020లో రకూన్ దాడితో చూపించారు. టీఎల్ఎస్ 1.3లో ఆ సున్నాలు ఉంచేస్తారు. వాళ్లకి రీరన్ బటన్ దొరికినట్టు లేదు.

ఇక 2024లో లాగిన్ సేవలందించే ఒక్టా సంస్థ బయటపెట్టిన లోపం. యూజర్ ఐడీ, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మూడూ అతికించి, పాస్‌వర్డ్‌లని హాష్ చేసే బీక్రిప్ట్‌కి ఇచ్చి కాష్ కీ (పాత లాగిన్‌ని గుర్తుపట్టే గుర్తు) తయారుచేసేవాళ్లు. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లు చూసి కళ్లు మూసుకుంటుంది. యూజర్‌నేమ్ 52 అక్షరాలో అంతకంటే ఎక్కువో ఉందా, పాస్‌వర్డ్ దాకా చూపు పోయేది కాదు. అంతకుముందు ఎప్పుడో ఒకసారి లాగిన్ అయిన కాష్ ఉంటే కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్ లేకుండానే తలుపు తెరుచుకునేది. పొట్టి పేర్లతో వెయ్యి టెస్టులు రాసినా ఇది దొరకదు. మన పక్క వెంకట నాగ సత్య సూర్య సుబ్రహ్మణ్య లాంటి పేరుకి ఇంటిపేరూ ఆఫీసు డొమైనూ తగిలించి ఒక్క టెస్టు రాస్తే చాలు, దొరికేది.

ఇదంతా విని మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి రివ్యూలో ఒక కామెంట్ పెట్టింది. ఆ ఫంక్షన్ తీసేసి, 0, 1, 15, 16, 17, 31, 32, 33, 64, 65 పొడవులన్నీ లూపులో పెట్టి, ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటున్నామా, మిగతా వాటికి ఎర్రర్ ఇస్తున్నామా చూద్దామంది. కీలు కూడా ప్రతి రన్‌లో ర్యాండమ్‌గా పుట్టించి, ఫెయిలైతే అవే కీలు మళ్లీ పుట్టించడానికి పనికొచ్చే సీడ్ సంఖ్యని లాగ్‌లో రాద్దామంది. పది లైన్ల పనేనట. పది లైన్లే అయితే ఇన్నేళ్లూ ఇంతమంది సీనియర్లు ఎందుకు రాయలేదో ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? 'గుడ్ పాయింట్, నెక్స్ట్ స్ప్రింట్‌లో చూద్దాం' అని రాసి కామెంట్‌ని రిజాల్వ్ చేశాం.