ముఖం చివర్లో రావాలట!

కోపంగానే రాస్తున్నాను. "కొంచెం చల్లారినంక రాయరాదూ" అంటున్నాడు మా ఆయన. చల్లారితే రాయను, నా సంగతి నాకు తెలుసు.

మా అపార్ట్‌మెంట్‌లో వచ్చే ఆదివారం పిల్లల కార్యక్రమం. మగపిల్లలకు క్విజ్, చెస్, సెల్లార్‌లో క్రికెట్. ఆడపిల్లలకు ‘లిటిల్ క్వీన్’. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు ర్యాంప్ వాక్, ఒక ప్రశ్న, అట్ట కిరీటం, భుజం మీంచి వేలాడే సాష్. అంతకుముందే ప్రతి పాపా ఒక ‘ఇంట్రో వీడియో’ పంపాలట, తెర మీద వేస్తారట. సాయంత్రం కొత్తిమీర కోసం కిందికి దిగితే పార్కింగ్‌లో షూటింగ్ నడుస్తోంది. ఫోన్ మా పాప చేతిలో ఉంది. నేల మీద మోకాళ్లానించి, ఫోన్ గచ్చుకు ఆనించి, ఎదురుగా ఉన్న పిల్లకు ఆర్డర్లేస్తోంది: "ఫస్ట్ కాళ్లు. తర్వాత నడుము. తర్వాత జుట్టు స్లోమోలో ఇట్లా తిప్పాలి. ఫేస్ లాస్ట్‌కి రావాలి. అరే, ఇప్పుడే ఇటు చూడకే!"

పదేళ్ల పిల్ల. భిన్నాలు కూడమంటే ఇప్పటికీ దిక్కులు చూస్తుంది. హీరోయిన్ ఇంట్రడక్షన్‌కి షాట్ డివిజన్ మాత్రం నోటికొచ్చేసింది. ఎవరు నేర్పారే నీకిది అంటే, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసి, "ఎవరు నేర్పుతరమ్మా, అన్ని ట్రైలర్లల్ల గిట్లనే ఉంటది కదా" అంది.

గ్రూప్‌లో మర్యాదగానే పెట్టాను. ఈ వయసు పిల్లలకు ఇది అవసరమా, పాటల పోటీయో కథల పోటీయో పెట్టొచ్చు కదా అని. మా కల్చరల్ సెక్రటరీ గారి జవాబు: "లైట్ తీసుకోండి మేడమ్, పిల్లలకు కాన్ఫిడెన్స్ బిల్డ్ అవుతుంది." దాని కింద వరసపెట్టి బొటనవేళ్లు. ఒకావిడైతే ఇంకో మెట్టెక్కి, "మీ పాప పార్టిసిపేట్ చెయ్యకపోయినా పర్లేదండీ" అంది. చూశారా ఎక్కడ పొడిచిందో! మా పాప కొంచెం నలుపు. గెలవదని నాకు భయమట, అందుకే ఏడుస్తున్నానట.

కాన్ఫిడెన్సే పెంచాలంటే మగపిల్లల్ని కూడా నడిపించండి మరి. సెక్రటరీ గారి అబ్బాయికే ముందు సాష్ వేసి, నడుం మీద చెయ్యి పెట్టించి, స్పాట్ లైట్‌లో అటూ ఇటూ తిప్పండి. మార్కులెయ్యడానికి నేనొస్తాను. వాళ్ల తాతయ్య స్టేజీ ఎక్కి చెవి పట్టుకుని దింపుకెళ్లకపోతే అడగండి.

సరే, ట్రైలర్ల దగ్గరికొద్దాం. "హీరోని కూడా కాళ్ల నుంచే చూపిస్తారు కదండీ" అని కామెంట్ పెట్టబోయే అన్నయ్యా, ఆగు, నీకోసమే చెప్తున్నా. హీరో చెప్పు నేలను తాకితే దుమ్ము లేస్తుంది, జీపు ఆగుతుంది, పక్క షాట్‌లో పదిమంది గాల్లో ఉంటారు. పిడికిలి క్లోజప్ పడిందంటే ఎవడి దవడో పగలబోతోందని లెక్క. వాడి వీపు చూపిస్తే జనం లేచి నిలబడతారు. వాడి శరీరంలో ఏ ముక్క తీసినా ఒక పని చేస్తూ కనిపిస్తుంది. మరి ఆమె కాళ్లు? నీళ్లలో తడుస్తుంటాయి. నడుము? తిరుగుతుంటుంది. పెదవి? వణుకుతుంది. ఆ ముక్కలకు పనేం లేదు, చూడబడడమే వాటి పని. మటన్ కొట్టులో కూడా తలకాయ పక్కన పెట్టి విడిగా అమ్ముతారు, ఈ కొట్టులో తలకాయకు గిరాకీయే లేదు.

రెండున్నర నిమిషాల ట్రైలర్లో ఆ అమ్మాయి కనిపించేది మూడే చోట్ల. వానలో, పాటలో, విలన్ మనుషులు జుట్టు పట్టుకుని ఈడ్చేటప్పుడు. డైలాగ్ ఉంటే గింటే "నువ్వంటే నాకు భయం లేదు", వెంటనే కట్. తర్వాత ప్రెస్‌మీట్‌లో డైరెక్టర్ గారు, "మా సినిమాలో హీరోయిన్ పాత్ర చాలా స్ట్రాంగ్ అండీ" అంటాడు. పక్కన కూర్చున్న ఆ పిల్ల నవ్వుతుంది. ఏం చేస్తుంది మరి, ఇంకో సినిమా దొరకొద్దా?

ఒకప్పుడు బొడ్డు మీద పళ్లు, పూలు విసిరేవాళ్లు. అదేదో కవిత్వం అనుకునేవాళ్లం. అదైనా హాలుకెళ్లి టికెట్ కొంటేనే కనబడేది. ఇప్పుడు అడగకుండానే చేతిలోకొస్తోంది. హాల్లో వేసే ట్రైలర్‌కి సెన్సార్ వాళ్ల సర్టిఫికెట్ కావాలి, యూట్యూబ్‌లో వదిలేదానికి అదేం అక్కర్లేదు. కాబట్టి ఏది ముందు చూస్తారు మన పిల్లలు? అదే. గ్లింప్స్ అని ఒకసారి, టీజర్ అని ఒకసారి, పాట ప్రోమో అని ఇంకోసారి, లిరికల్ అని మళ్లీ. అదే నడుము, నాలుగు పేర్లతో. చూసిన పిల్లలు ఊరుకుంటారా, స్టెప్పు దించేస్తారు. దించితే మనమే వీడియో తీసి స్టేటస్ పెడతాం. టీవీ డ్యాన్స్ షోల్లో చిన్నపిల్లల చేత వయసుకు తగని స్టెప్పులు వేయించొద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానెళ్లకు చెప్పింది. చెప్పింది, అయిపోయింది. ఎవరు విన్నారు?

ఇక్కడే అసలు తమాషా. 2025 మార్చిలో మన తెలంగాణ మహిళా కమిషన్, సినిమా పాటల్లో ఆడవాళ్లను కించపరిచే అసభ్యమైన స్టెప్పులు ఆపండి, లేదంటే చర్యలు తీసుకుంటామని హెచ్చరిక ఇచ్చింది. పిల్లల మీద ప్రభావం పడుతోందని కూడా అన్నారు. నేను ఆ వార్త షేర్ చేసి చప్పట్లు కూడా కొట్టాను. సరిగ్గా మే నెలొచ్చేసరికి అదే రాష్ట్రం, అదే హైదరాబాద్, మిస్ వరల్డ్! వందకు పైగా దేశాల అమ్మాయిలు, ఊరంతా ఫ్లెక్సీలు, చార్మినార్ దగ్గర నడక, లాడ్ బజార్‌లో గాజులు, 31న హైటెక్స్‌లో కిరీటం. మార్చిలో నడుము తిప్పితే తప్పు, మేలో నడుము చుట్టూ సాష్ కట్టి ప్రభుత్వమే తిప్పితే టూరిజం.

"అది అట్లాంటి పోటీ కాదు, బ్యూటీ విత్ పర్పస్, అందంతో పాటు ఒక మంచి ఆశయం కూడా" అంటారు. అవునవును. 1951లో లండన్‌లో బికినీల ప్రచారానికి పుట్టిన పోటీ ఇది. స్విమ్‌సూట్ రౌండ్ తీసేస్తున్నామని చెప్పడానికి వాళ్లకు 2014 దాకా, అంటే 63 ఏళ్లు పట్టింది. 1996లో బెంగళూరులో జరిగినప్పుడు గొడవలకు భయపడి ఆ ఒక్క రౌండ్‌నీ విమానమెక్కించి సీషెల్స్ దీవులకు పంపారు. సముద్రం దాటితే సంస్కృతికి ఏం కాదు కదా! హైదరాబాద్‌లో గెలిచిన థాయిలాండ్ అమ్మాయి పదహారేళ్లప్పుడే రొమ్ములో గడ్డకు ఆపరేషన్ చేయించుకుని, రొమ్ము క్యాన్సర్ గురించి అందరికీ చెప్తూ తిరుగుతోంది. మంచి పిల్ల, కాదనను. కానీ ఆ మాట వినడానికి మనకు కిరీటం కావాలా? మా బస్తీ ఆశా వర్కర్ ఎండలో ఇంటింటికీ తిరిగి ఇలాంటి మాటలే చెప్తుంది. ఆశాలు ఫిక్స్‌డ్ జీతం 18,000 ఇవ్వమని 2024 డిసెంబర్‌లో కోఠిలో కూర్చుంటే పోలీసులు వ్యాన్లెక్కించారు. పర్పస్ ఉంది, బ్యూటీ లేదనుకుంటా.

పోటీ మధ్యలోనే మిస్ ఇంగ్లండ్ పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. డబ్బున్న మగవాళ్లను మెప్పించడానికి తమను బల్లల దగ్గర కూర్చోబెట్టారని వాళ్ల దేశం పత్రికకు చెప్పింది. నిర్వాహకులు అదంతా అబద్ధం అన్నారు. ఏది నిజమో వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. మన జనం మాత్రం ఆరోపణ పూర్తిగా చదవకముందే "పబ్లిసిటీ కోసం" అని తీర్పు చెప్పేశారు. అదీ మన కాన్ఫిడెన్స్ బిల్డింగ్.

నాకు గుర్తుంది, 1994. ఒకే ఏడాది మిస్ యూనివర్స్, మిస్ వరల్డ్ రెండూ మనకే. మా క్లాసులో అందరం పొంగిపోయాం. అక్కడి నుంచి 2000 దాకా, ఏడేళ్లలో, నాలుగు మిస్ వరల్డ్‌లు, రెండు మిస్ యూనివర్స్‌లు. సరిగ్గా మన మార్కెట్ తలుపులు తెరుచుకుని, క్రీములూ షాంపూలూ వీధి కిరాణా కొట్టు దాకా సాచెట్లలో వచ్చిన కాలం. 2000 తర్వాత మళ్లీ మిస్ వరల్డ్ వచ్చింది 2017లోనే. మధ్యలో పదిహేడేళ్లు మన దేశంలో అందమైన ఆడపిల్ల పుట్టలేదా అధ్యక్షా? లేక క్రీములు అప్పటికే అలవాటైపోయాయా? ఆ ఏడేళ్లలో మా ఇంటి అద్దం ముందు ఎన్ని ఫెయిర్‌నెస్ ట్యూబులు చుట్టచుట్టి పిండామో. 2020లో ఆ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసేశారు. పేరు మారింది, పెళ్లిళ్ల పేరయ్య మాత్రం మారలేదు. "అమ్మాయి బంగారం, కలర్ కొంచెం తక్కువ" అని ఇవాళ కూడా అంటాడు.

పెళ్లిచూపులంటే గుర్తొచ్చింది. మా అక్కను చూడ్డానికొచ్చిన ఒక పెద్దమనిషి, ఉప్మా తిన్నంక మూతి తుడుచుకుంటూ, "అట్ల రెండడుగులు నడువు బిడ్డా" అన్నాడు. కాలు సరిగ్గుందో లేదో చూడాలట. అక్క నడిచింది. మా నాన్న తల వంచుకుని గచ్చు వైపు చూస్తున్నాడు. సంబంధం కుదరలేదు, పొట్టి అన్నారు. అక్క ఆ తర్వాత పీజీ చేసింది, లెక్చరర్ అయింది, ఇప్పటికీ ఫొటోలో నిలబడమంటే వెనక వరసకు పోతుంది. దీన్ని ఏ కాన్ఫిడెన్స్ అంటారో సెక్రటరీ గారు చెప్పాలి.

ఇప్పుడు అసలు మంట. మాది ఓరుగల్లు. మా చిన్నప్పుడు బడి టూర్ అంటే రామప్పే. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిననాడు ఇంట్లో సేమ్యా పాయసం చేసుకున్నాం. చూరు కింద నల్లరాతి మదనికలుంటారు, అంటే అందగత్తెల శిల్పాలు. ఒకామె ఒంటికి పాములు చుట్టుకుని ఉంటాయి. ఒకామె బట్టను కోతి లాగుతుంటే పట్టుకుంటుంటుంది (ఆ కోతికి ఇప్పుడైతే కెమెరా ఇచ్చి అసిస్టెంట్‌గా పెట్టుకునేవాళ్లు). ఒకామెకు ఎత్తు మడమల చెప్పులు, అది చూపించి "హై హీల్స్ మనోళ్లే కనిపెట్టిన్రు" అనకుండా ఏ గైడూ వదలడు. వాళ్లవీ సన్నని నడుములే, బట్టలూ తక్కువే. నేను బట్టల పోలీసును కాను, ముందే చెప్తున్నా. కానీ ఆ శిల్పి ఒక్క మదనికనైనా తల లేకుండా చెక్కలేదు. కాలక్రమంలో విరిగినవి విరిగాయేమో గానీ, ఆయన మాత్రం నిలువెత్తు మనిషిని చెక్కాడు. కింద నిలబడి చూస్తే ముందు మనకు కనబడేది ఆమె ఏం చేస్తోందన్నది.

ఆ గుడి దగ్గరే, 2025 మే 14న, ఈ అందాల అమ్మాయిల్ని వరసగా కూర్చోబెట్టి మా ఆడవాళ్లతో కాళ్లు కడిగించారు. నీళ్లు పోసి, వంగి, టవల్‌తో తుడిచారు. ఆ వీడియో చూసిన రాత్రి నాకు అన్నం సయించలేదు. అడిగితే "అతిథి దేవో భవ" అన్నారు. మాకు తెలియని మర్యాదా ఇది? మా ఊళ్లో ఇంటికి ఎవరొచ్చినా కాళ్లకు నీళ్లిస్తాం. ఇస్తాం అంటే చెంబు చేతికిస్తాం, వాళ్ల కాళ్లు వాళ్లే కడుక్కుంటారు. ఇంకొకరి కాళ్లు పళ్లెంలో పెట్టి కడిగేది పెళ్లిలో అల్లుడికి. అక్కడ కూడా కడిగించుకునేది ఎవరో, పక్కన తలవంచుకుని కూర్చునేది ఎవరో చూశారుగా.

ఆ అమ్మాయిల్ని ఏమీ అనను. కూర్చోమన్నచోట కూర్చున్నారు, వాళ్లకేం తెలుసు పాపం. ప్రతిపక్షాలు తిట్టాయి, ప్రభుత్వం సమర్థించుకుంది, వారం తిరిగేసరికి అంతా ఫైనల్స్‌లో పడ్డారు. తిట్టినవాళ్లు కూడా తెలంగాణ ఆత్మగౌరవం అన్నారే గానీ, ఆ వంగిన ఆడవాళ్లు ఎవరని నాకు కనిపించిన ఏ ఛానెలూ అడగలేదు. కడిగిన కాళ్లకు దేశాల పేర్లున్నాయి, సాష్ మీద పెద్దక్షరాల్లో. కడిగిన చేతులకు పేర్లు లేవు. వాటికి ఫేస్ లాస్ట్‌లో కూడా రాలేదు.

రామప్ప చుట్టుపక్కల, ములుగు, వెంకటాపూర్ వైపు వాళ్లు నా లిస్ట్‌లో కొందరున్నారు కదా. ఆ ఆడవాళ్లలో ఎవరైనా మీకు తెలిస్తే ఒక్కసారి పోయి అడగండి. ఆ రోజు వాళ్లను ఏమని చెప్పి పిలిచారు, కూలి ఇచ్చారా, ఇస్తే ఎంత, ఆ టవల్ చేతికిచ్చింది ఏ సారు? అందరిముందు చెప్పలేకపోతే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెడతాను.